ఉసిరిక – మధుమేహము – నేత్రరక్షణ

త్రిఫలములనబడు కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ – ఈ మూడును ఒకే అడవియందు లభించు భాగ్యము అన్ని ప్రాంతములకును లేదు. ఖమ్మము దాటి భద్రాచలము వైపు సాగినచో, గోదావరి, కిన్నెరసాని పరీవాహక భూములలోని వనములయందు టేకు, మద్ది, ఇప్ప, తునికి వృక్షముల నడుమ ఈ మూడును కానవచ్చును. వీనిలో గృహస్థులకు మిక్కిలి చేరువైనది ఉసిరిక. కార్తీకమాసమున దాని నీడన వనభోజనము చేయుదుము. కాయలను ఊరగాయగా జాడీకెత్తుదుము. ఎండిన పెచ్చులను తలనూనెలో కాచుదుము. ఇంతగా ఎరిగిన ఫలమును గూర్చి క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని పాఠకులకు తోచవచ్చును.

చెప్పవలసినది కలదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2004 మొదలు 2012 వరకు ఈ ఫలముపై చేసిన కృషిలో, మధుమేహుల కంటికి కలుగు ఒక కీడును అడ్డగింపగల ద్రవ్యము ఇందు కలదని తేలినది. ఆ ద్రవ్యమును వేరుపరచి, దాని అణునిర్మాణమును గూడ నిర్ణయించినారు. ఈ వార్త నోటనోట ప్రాకి, "ఉసిరిరసము త్రాగినచో చక్కెరవ్యాధి పోవును" అను మాటగా మారినది. ఆ మాట నమ్మి మాత్రలు మాని, చూపు మందగించిన తరువాత వైద్యశాలకు వచ్చువారిని నేను ఏటేట చూచుచున్నాను. కావున ఆ పరిశోధన యేమి చెప్పినదో, యేమి చెప్పలేదో పాఠకులు స్పష్టముగా గ్రహింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నామములు – గుర్తింపు

సంస్కృతమున ఆమలకీ, ధాత్రీ, వయస్థా యనియు, హిందీలో ఆంవలా యనియు దీనిని వ్యవహరింతురు. వృక్షశాస్త్ర నామము ఫైలాంథస్ ఎంబ్లికా. పూర్వము ఎంబ్లికా అఫిసినాలిస్ అనెడివారు. పాత గ్రంథములలోను, కొన్ని మందుసీసాలపైనను ఆ పేరే కనిపించును.

తెలుగున "ఉసిరి" అను పేరు మూడు వేర్వేరు మొక్కలకు కలదు. ఇందు పొరపాటు పడరాదు. మొదటిది, మనము చెప్పుకొనుచున్న పెద్ద ఉసిరి. రెండవది రాచ ఉసిరి. పసుపుఛాయగల చిన్న కాయలు గుత్తులుగా కాయును. పులుపే గాని వగరు స్వల్పము. మూడవది నేల ఉసిరి. జానెడెత్తు పెరుగు కలుపుమొక్క. దీనిని కామెర్లలో వాడుదురు. ఈ నేల ఉసిరి జాతి నుండియే ఫైలాంథిన్ అను చేదుద్రవ్యమును 1946లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున టి.ఆర్. శేషాద్రిగారు, వారి సహచరులు వెలువరించినారు. వృక్షద్రవ్యములను విడదీసి పరీక్షించు విద్య తెలుగునేలకు నిన్న మొన్న వచ్చినది కాదని తెలియుటకై ఈ మాట చెప్పితిని.

పెద్ద ఉసిరికాయపై ఆరు నిలువు చారలుండును. లోపలి గట్టి పిక్క మూడు అరలు గలదై, అందు ఆరు విత్తనములుండును. నోట వేసికొని నమలినచో మొదట పులుపును వగరును తోచి, పిదప మంచినీరు త్రాగినపుడు తీపి తగులును. అడవికాయ చిన్నదై వగరు హెచ్చుగా నుండును. తోటలలో పెంచు అంటుకాయ పెద్దదై కండ అధికముగా నుండును.

శాస్త్రదృష్టిలో ఉసిరిక

ఆయుర్వేదము ఉసిరికయందు లవణము తప్ప తక్కిన అయిదు రసములును ఉన్నవని చెప్పినది. వానిలో ఆమ్లము ప్రధానము. వీర్యము శీతము, విపాకము మధురము. పులుపైనను పిత్తమును శమింపజేయుట దీని ప్రత్యేకత. చరకుడు వయస్సును నిలుపు ద్రవ్యములలో దీనిని శ్రేష్ఠముగా ఎన్నెను. చ్యవనప్రాశమునకు 500 ఉసిరికాయలు విధించెను.

మధుమేహము ఇరువది ప్రమేహములలో ఒకటి. ప్రమేహమునకు పసుపు, ఉసిరిక – ఈ రెండింటిని వాగ్భటుడు అగ్రస్థానమున నిలిపెను. సుశ్రుతుడును ఉసిరికరసముతో పసుపును తేనె చేర్చి ఇవ్వవలెనని చెప్పెను. వైద్యులు దీనినే "నిశామలకి" యందురు. నిశ యనగా పసుపు. ఈ జంటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. హైదరాబాదు పరిశోధనాలయమున వేర్వేరు సంవత్సరములలో పరీక్షకు వచ్చినవి ఈ రెండు ద్రవ్యములే.

చక్కెర కంటిని ఎట్లు చెరచును?

కంటిపాప వెనుక పారదర్శకమైన కటకమొకటి కలదు. దానికి రక్తనాళములు లేవు. చుట్టునున్న ద్రవము నుండియే ఆహారమును గ్రహించును. శరీరమందలి కండరములు గ్లూకోజును లోనికి తీసికొనుటకు ఇన్సులిన్ అవసరము. కటకమునకు ఆ అవసరము లేదు. రక్తమున చక్కెర పెరిగినచో కటకమునందును పెరుగును; ఆపుటకు తలుపు లేదు.

కటకమునందు ఆల్డోజ్ రిడక్టేజ్ అను ఎంజైము కలదు. ఎంజైమనగా శరీరమందు ఒక పదార్థమును మరియొక పదార్థముగా మార్చు మాంసకృత్తు. గ్లూకోజు మితముగా నున్నంతవరకు ఇది దాదాపు ఊరకుండును. గ్లూకోజు హెచ్చినపుడు దానిని సార్బిటాల్ అను పదార్థముగా మార్చివేయును. సార్బిటాల్ కణముల గోడలను దాటి సులభముగా వెలుపలికి పోలేదు. లోపలనే పేరుకొని నీటిని తనవైపు లాగికొనును. ఎండుద్రాక్షను నీట వేసినచో లోపలి చక్కెర నీటిని లాగి ఉబ్బునట్లే కటకపు నారకణములును ఉబ్బి చెడును. పారదర్శకత పోయి తెల్లదనము వచ్చును. అదియే శుక్లము. చక్కెర పెట్టిన ఎలుకల కటకములలో సార్బిటాల్ పేరుకొనునని 1959లో ఆక్స్‌ఫర్డునందు రూత్ వాన్ హేనింజెన్ అను శాస్త్రజ్ఞురాలు చూపెను. శుక్లమునకు కారణము ఇదొక్కటే కాదు. వయస్సు, ఎండ, పొగత్రాగుట మున్నగునవియు కలవు. అయినను మధుమేహులయందు ఈ మార్గము ముఖ్యమైనది.

ఆ ఎంజైమును అడ్డగించినచో సార్బిటాల్ పేరుకొనదు గదా యని శాస్త్రజ్ఞులు ఎన్నో రసాయనములను తయారుచేసినారు. వానిలో పెక్కింటిని దోషములు కలిగించుట చేతనో, ఫలము చాలకపోవుట చేతనో విడిచిపెట్టినారు. ఎపాల్‌రెస్టాట్ అను మందు మాత్రము జపానులోను, మన దేశములోను మధుమేహమువలన కలుగు నరముల బాధకు వాడుకలో కలదు. అందువలననే ఆహారద్రవ్యములలో ఇట్టి గుణము గలవి యున్నవాయని జాతీయ పోషకాహార సంస్థవారు వెదకినారు.

ఫలము నుండి అణువు వరకు

ఒక ఫలమునందు వందలాది ద్రవ్యములు కలిసియుండును. వానిలో పనిచేయునది యేదో తెలిసికొనుట ఎట్లు? ఈ విధానము గృహిణులకు క్రొత్తది కాదు. వంటింటి పనికి సూక్ష్మరూపమే.

మొదటి మెట్టు సారము దీయుట. మన శాస్త్రమున స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అను పంచవిధ కషాయకల్పనలు కలవు. పిండిన రసమున వచ్చునది వేరు, నూరిన ముద్దలో నుండునది వేరు, కాచిన కషాయమున దిగునది వేరు అను ఎరుకయే దీనికి మూలము. పరిశోధనాలయమునందు నీరు, మద్యసారము మున్నగు ద్రావకములను వాడుదురు. ఉసిరికలోని వగరుద్రవ్యములు నీటిలో కరగును. పసుపులోని కర్క్యుమిన్ నీట కరగదు. నేతిలోను, మద్యసారములోను కరగును.

రెండవ మెట్టు విడదీయుట. బ్లాటింగ్ కాగితపు అంచున సిరాచుక్క పెట్టి, ఆ అంచు క్రిందుగా నీట తగులునట్లు నిలిపినచో, నీరు పైకి ప్రాకుచు సిరాలోని రంగులను వేర్వేరు ఎత్తులకు కొనిపోవును. ఒక్కొక్క రంగు కాగితమును అంటిపెట్టుకొను బలము వేరగుటయే కారణము. ఇదే సూత్రముపై, గాజుగొట్టమున తగిన పొడిని నింపి పైనుండి సారమును పోసి ద్రావకముతో దింపుదురు. క్రిందికి దిగు ద్రవమును వేర్వేరు పాత్రలలో పట్టుదురు. దీనిని క్రొమటోగ్రఫీ యందురు.

మూడవ మెట్టు పరీక్షించుట. పాత్రపాత్రకును ఆ ఎంజైమును చేర్చి, ఏ పాత్రలోని ద్రవము దాని పనిని ఆపునో చూచెదరు. పనిచేసిన పాత్రను మాత్రమే మరల విడదీయుదురు. ఇట్లు పలుమారులు చేయగా తుదకు ఒకే ద్రవ్యము మిగులును.

నాలుగవ మెట్టు దాని స్వరూపమును నిర్ణయించుట. ఇందుకు రెండు ప్రధాన సాధనములు కలవు. ఒకటి అణువు భారమును తూచు యంత్రము. రెండవది అణుకేంద్రముల అయస్కాంత స్పందనమును కొలుచు యంత్రము, ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రమును ఇదే సూత్రముపై పనిచేయును. ఏ పరమాణువు దేని ప్రక్కన నున్నదో దీనివలన తెలియును.

ఉసిరికయందు ఇట్లు తేలిన ద్రవ్యము బీటా గ్లూకోగాలిన్. పేరులోనే దాని పుట్టుక కలదు. ఒక గ్లూకోజు అణువు, ఒక గాలిక్ ఆమ్లపు అణువు కలిసినచో ఇది యగును. గ్లూకోజు అణుభారము 180. గాలిక్ ఆమ్లము 170. రెండును కలియునపుడు ఒక నీటి అణువు, అనగా 18, వెడలిపోవును. మిగిలినది 332. యంత్రము చూపునదియు ఇదే. చక్కెర చేయు కీడును అడ్డగించు ద్రవ్యమున సగము చక్కెరయే యుండుట చిత్రము. ఈ ద్రవ్యము ఉసిరికకే ప్రత్యేకమైనది కాదు. రేవల్చిన్ని వేరు నుండి దీనిని 1903లోనే వెలువరించినారు.

ఇంత శ్రమ ఎందుకు?

"ఫలము మేలు చేయునని పెద్దలు చెప్పిరి గదా, అణువును వెదకనేల?" యని కొందరు అడుగుదురు. సరిగా గుర్తింపనిచో సరిగా కొలువలేము అనుటయే సమాధానము. దీనికి ఉసిరికయే సాక్ష్యము. జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టికలలో 100 గ్రాముల ఉసిరికయందు 600 మిల్లీగ్రాముల సి విటమిన్ కలదని యుండెను. అదే సంస్థ 2017లో ఆధునిక సాధనములతో కొలిచి ప్రకటించిన పట్టికలో 252 మిల్లీగ్రాములు అని యున్నది. 252 కూడ తక్కువ కాదు. సామాన్య ఫలములలో ఇంత గలవి అరుదు.

అట్లే ఎంబ్లికానిన్ అను ద్రవ్యములే ఉసిరిక బలమునకు మూలమని 1996లో ఒక పరిశోధన చెప్పగా, పెక్కు గ్రంథములు దానిని వల్లించినవి. 2009లో మరియొక బృందము మరల శోధించి, ఆ ద్రవ్యములు తమకు కనబడలేదనియు, బీటా గ్లూకోగాలిన్, మ్యూసిక్ ఆమ్లపు గాలేటులు ముఖ్యముగా నున్నవనియు ప్రకటించినది. శాస్త్రము తన మాటను తానే దిద్దుకొనుట దోషము కాదు, గుణము.

హైదరాబాదు పరిశోధన చెప్పినది

జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడునందలి కూనూరులో చిన్న పరిశోధనశాఖగా పుట్టి, 1958లో హైదరాబాదు చేరినది. అచటి శాస్త్రజ్ఞులు 2004లో, ఉసిరికలోని వగరుద్రవ్యములు ఆల్డోజ్ రిడక్టేజ్ ఎంజైమును అడ్డగించునని చూపిరి.

2007లో ఎలుకలపై జరిపిన ప్రయోగమును ప్రకటించిరి. ఎలుకలకు మందు నిచ్చి మధుమేహము కలిగించి, కొన్నిటికి ఆహారమున 2 శాతము ఉసిరికను, మరికొన్నిటికి 0.2 శాతము ఉసిరిక వగరుద్రవ్యములను చేర్చిరి. వీనియందు శుక్లము ముదురుట ఆలస్యమైనది. ఇది అందరును చెప్పుకొను మాట. ఆ పత్రముననే రెండవ మాటయు కలదు. దానిని ఎవరును చెప్పుకొనరు. ఉసిరిక తిన్న ఎలుకలయందును రక్తములోని చక్కెర తగ్గలేదు. కటకమునకు రక్షణ కొంత కలిగినది గాని వ్యాధి అట్లే నిలిచినది.

2012లో ఈ సంస్థవారును, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయము వారును కలిసి బీటా గ్లూకోగాలిన్‌ను వేరుపరచిన పత్రమును ప్రకటించినారు. మానవుల ఆల్డోజ్ రిడక్టేజ్ ఎంజైమును తమ కటకములలో గలిగియుండునట్లు రూపొందించిన చిట్టెలుకల నుండి కటకములను తీసి, అధిక గ్లూకోజు గల ద్రవమున నుంచి పరీక్షించిరి. లీటరు ద్రవమునకు సుమారు 10 మిల్లీగ్రాముల బీటా గ్లూకోగాలిన్ చేర్చగా, సార్బిటాల్ పేరుకొనుట 73 శాతము తగ్గెను.

ఇది గొప్ప ఫలితము. కాని పాఠకులు ఒక విషయము గమనింపవలెను. ఆ కటకము శరీరము వెలుపల, ఔషధద్రవమునందే మునిగి యుండెను. మనము తిన్న ఉసిరిక నోటిని, జఠరాగ్నిని, కాలేయమును దాటి, రక్తమున కలిసి, రక్తనాళములు లేని కటకమును చేరవలెను. దారిలో ఎంత మిగులును, ఎంత మారును అనునది వేరు ప్రశ్న. మానవులపై ఉసిరికతో జరిగిన పరీక్షలు చిన్నవి, స్వల్పకాలమువి. వానిని బట్టి మధుమేహుల శుక్లము ఆగునని చెప్పుటకు వీలులేదు.

పసుపు నేర్పిన పాఠము

నిశామలకిలోని రెండవ ద్రవ్యమైన పసుపుపైనను ఆ సంస్థయందే ప్రయోగములు జరిగినవి. 2005లో ప్రకటించిన దాని ప్రకారము, మధుమేహపు ఎలుకలయందు పసుపును, కర్క్యుమిన్‌ను శుక్లమును ఆలస్యపరచినవి. ఇచటను రక్తములోని చక్కెర తగ్గలేదు. వాగ్భటుడు జతపరచిన రెండింటికిని కంటి విషయమున ఒకే ఫలితము వచ్చుట మనకు సంతోషదాయకమే.

దానికి ముందు 2003లో ప్రకటించిన ప్రయోగము మరింత ముఖ్యమైనది. గాలక్టోజు అను చక్కెర తినిపించి శుక్లము కలిగించిన ఎలుకలకు, ఆహారమున 0.002 శాతము కర్క్యుమిన్ ఇచ్చినపుడు శుక్లము ఆలస్యమైనది. దానికి అయిదు రెట్లు, అనగా 0.01 శాతము ఇచ్చినపుడు శుక్లము ముదురుట త్వరితమైనది. మేలు చేయు ద్రవ్యమే మాత్ర మించినచో కీడు చేసినది. "మూలికయే గదా, ఎంత తిన్నను హానిలేదు" అనువారికి ఇంతకంటె సమాధానము అక్కరలేదు. మాత్ర అనునది మన శాస్త్రమున ఔషధముతో సమానమైనది.

ఇంట ఆచరింపదగినవి

1. పచ్చి ఉసిరికాయ: కాయలు దొరకు దినములలో రోజుకు ఒకటి రెండు కాయల కండ, 10 నుండి 20 గ్రాముల వరకు, భోజనముతో తినవచ్చును. పప్పులోను, పచ్చడిలోను, మజ్జిగపులుసులోను చేర్చవచ్చును. తిన్న పిదప నోరు పుక్కిలింపవలెను. పులుపు పండ్లకు మంచిది కాదు.

2. చూర్ణము: కాయలను కడిగి, ఆవిరిపై కొద్దిగా మెత్తబరచి, పిక్క తీసి, పెచ్చులను నీడలో ఆరబెట్టి దంచి వస్త్రగాళితము చేయవలెను. మాత్ర రోజుకు 3 నుండి 6 గ్రాములు. బజారు చూర్ణము కొనువారు, రసము పిండిన పిప్పి కలిసియుండు అవకాశము గమనించి, పెచ్చులే కొని ఇంట దంచుకొనుట మేలు.

3. నిశామలకి: ఉసిరిక చూర్ణము రెండు పాళ్లు, పసుపు ఒక పాలు కలిపి, ఉదయము భోజనమునకు ముందు గోరువెచ్చని నీటితో 3 గ్రాములు. పసుపును కొమ్ములుగా కొని ఇంట కొట్టించుకొనవలెను; మిక్కిలి మెరయు పొడి పసుపున రంగులు కలిసియుండవచ్చును. మధుమేహము గలవారు శాస్త్రమున చెప్పిన తేనెను మానుట యుక్తము. మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు వైద్యునికి చెప్పియే ప్రారంభింపవలెను.

4. పాత్రలు: ఉసిరికను ఇనుప కత్తితో కోసిన అంచు నల్లబడుట అందరును చూచినదే. వగరుద్రవ్యము ఇనుముతో కలియుట చేత కలుగు మార్పు అది. తలనూనెకు ఇనుపపాత్ర తగును. తినుటకు తగదు. ఊరగాయకు జాడీ లేక గాజుసీసా వాడవలెను. అల్యూమినియము, కళాయి లేని రాగి, ఇత్తడి పనికిరావు.

పాఠకుల సందేహములు

ఉసిరి మురబ్బా, చ్యవనప్రాశము మధుమేహులు తినవచ్చునా?
తినరాదు. రెండింటియందును చక్కెర అధికము. చ్యవనప్రాశము క్షీణించినవారికి శ్రేష్ఠమైన రసాయనమే గాని, మధుమేహమునకు మందు కాదు. ఊరగాయయందు చక్కెర లేకున్నను ఉప్పు హెచ్చు. రక్తపోటు గలవారు జాగ్రత్తపడవలెను.

కాచినచో గుణము పోదా?
సి విటమిన్ కొంత తగ్గును. వగరుద్రవ్యములు దానికంటె ఓర్చును గాని, ఎక్కువసేపు మరిగించినచో అవియు విడిపోయి గాలిక్ ఆమ్లమగును. చూర్ణమును తాజా ఉసిరికరసముతో పలుమారులు తడిపి ఆరబెట్టు "భావన" అను సంస్కారము మనకు కలదు. ఇట్లు చేసిన చూర్ణమున సి విటమిన్ సాంద్రత రసముకంటె హెచ్చుగా నున్నదని 2006లో ఇటలీ పరిశోధకులు కనుగొనిరి.

ఉసిరిరసమును కంటిలో వేసికొనవచ్చునా?
ఎన్నడును వేయరాదు. అది ఆమ్లము, పైగా ఇంట పిండిన రసము సూక్ష్మజీవులు లేనిది కాదు. నల్లగ్రుడ్డుపై పుండు పడినచో చూపు దక్కదు.

"బీటా గ్లూకోగాలిన్" అని ముద్రించిన గుళికలు మేలా?
ఆ ముద్ర వలన, ఫలసారమున ఆ ద్రవ్యమును కొలిచినారని మాత్రమే తెలియును. మీ కంటికి పనిచేయునని తెలియదు.

విడువరాని జాగ్రత్తలు

మధుమేహుల కంటికి శుక్లముకంటె పెద్ద శత్రువు రెటీనా వ్యాధి. కంటి వెనుకపొరయందలి సూక్ష్మనాళములు చెడి రక్తము స్రవించును. శుక్లమునకు శస్త్రచికిత్స కలదు. చూపు మరల వచ్చును. రెటీనా వ్యాధి వలన పోయిన చూపు చాలవరకు తిరిగి రాదు. మొదట నొప్పియు ఉండదు, చూపును తగ్గదు. కనుక రోగికి తెలియదు. పెద్దవయస్సున మధుమేహము బయటపడిన వారు, అది తెలిసిన వెంటనే ఒకమారు, పిదప ఏటేట ఒకమారు, కంటిపాపను మందుతో విప్పార్చి చేయు పరీక్షను నేత్రవైద్యునిచే చేయించుకొనవలెను. తెలంగాణమున 2018లో మొదలైన కంటివెలుగు కార్యక్రమము రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మము నుండియే ప్రారంభమైనది. అట్టి శిబిరములలో కళ్లజోడు పొందినవారు సైతము, మధుమేహులైనచో, రెటీనా పరీక్ష వేరుగా చేయించుకొనవలెను.

కళ్లజోడు శక్తి తరచు మారుచున్నట్లు తోచినచో, చక్కెర హెచ్చుతగ్గుల వలన కటకము ఉబ్బుట కారణము కావచ్చును. ముందు రక్తపరీక్ష చేయించుకొనవలెను.

మాత్రలతోపాటు ఉసిరిక వాడునపుడు చెమట, వణకు, కళ్లు తిరుగుట కలిగినచో చక్కెర మిక్కిలి తగ్గినదేమోయని వెంటనే పరీక్షింపవలెను. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు, శస్త్రచికిత్సకు సిద్ధపడువారు, మూత్రపిండములలో రాళ్లు గలవారు అధికమాత్రలో వాడరాదు. ఇనుము మాత్రలు తినువారు వానికిని ఉసిరిక చూర్ణమునకును రెండు గంటల ఎడమ ఉంచవలెను. వగరుద్రవ్యములు ఇనుమును పట్టివేయును.

అడవిని గూర్చి ఒక మాట

మన ప్రాంతమున ఈ ఫలములను ఏరి తెచ్చువారు కోయ సోదరులు. గిరిజనుల నుండి అటవీ ఫలసాయము కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. పట్టణవాసులు ఉసిరిక కొనునపుడు సంతలో వారివద్దనో, సహకార సంస్థ దుకాణములలోనో కొనినచో ధర ఏరినవారికే చేరును. కాయ పక్వమునకు రాకముందే కొమ్మలు నరికి దులుపుట వలన, అపక్వఫలమున గుణము తక్కువ, మరుసటి యేటికి కాపును తక్కువ. పక్వమైన కాయను తగిన కాలమున, చెట్టుకు హాని చేయక సేకరించుట మందు తయారుచేయుటలో మొదటి మెట్టు.

సారాంశము

ఉసిరికయందు కటకమును రక్షింపగల ద్రవ్యము కలదు. దాని పేరు, భారము, నిర్మాణము మనకు తెలిసినవి. ఎలుకలయందు అది శుక్లమును ఆలస్యపరచినది. రక్తములోని చక్కెరను తగ్గింపలేదు. కావున మధుమేహులకు ఉసిరిక భోజనపళ్లెమున ఉండదగిన మిత్రము. మాత్రకు గాని, ఇన్సులిన్‌కు గాని, నడకకు గాని, పథ్యమునకు గాని, ఏటేటి నేత్రపరీక్షకు గాని బదులు కాదు. ఇంట మధుమేహము గల పెద్దలున్నచో, ఈ యేడు వారి కంటిపరీక్ష జరిగినదా యని నేడే అడిగి తెలిసికొనుడు. జరుగనిచో ఉసిరి చూర్ణము దంచుటకు ముందు ఆ పని చేయుడు.